ఊపిరి తీసే బావి

సదస్సుల్లో పత్రాలు చదవబోయే కుర్ర మాస్టర్లు, మాస్టరమ్మలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీరు అప్పట్లో ఊళ్ళు తిరిగి సైన్సు చెప్పేవాళ్ళట కదండీ, ఆ అనుభవాలు పత్రంగా ఎలా రాయాలో చెప్పండి" అని అడుగుతారు. మొదట ఉద్దేశం, తర్వాత పద్ధతి, చివర ఫలితం అని నాలుగు మాటలు చెప్పి పంపేస్తాను. నేను చదివిన మొదటి పత్రం సంగతి మాత్రం దాటేస్తాను. దాన్ని నాలుగు మాటల్లో చెప్పటం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను నరసరావుపేటలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పేవాణ్ణి. సెలవు దొరికితే చాలు, ఒక రేకు పెట్టె బస్సు మీదికెక్కించి పల్నాడు ఊళ్ళకు బయల్దేరేవాళ్ళం. మేము అంటే ఇద్దరమే, నేనూ, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఒక మెకానిక్కూ. ఆయన్ని నేను భాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను మాస్టారూ అనేవాడు. చదివింది అయిదో తరగతి. కానీ స్కూల్లో ఏ పరికరం పాడైనా ఆయన చేతిలో పడితే లేచి కూర్చునేది. ఆయనకు ఏడేళ్ళప్పుడు తల్లి పోయిందట. చిన్నమ్మ దగ్గర పెరిగి, పన్నెండేళ్ళకే గ్రీజు చేతులతో వర్కుషాపులో నిలబడ్డాడు. దెయ్యాలన్నా, తాయెత్తులన్నా నాకంటే ఆయనే ఎక్కువ నవ్వేవాడు.

నిమ్మకాయ కోస్తే నెత్తురు కారటం, బూడిదలోంచి మంట లేవటం, ఇట్లాంటివన్నీ జనం ముందు చేసి, వెంటనే గుట్టు విప్పి చెప్పేవాళ్ళం. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టేది. అయిదారేళ్ళు ఆ చప్పట్లు విన్నవాడికి తాను పొరపాటు పడగలడన్న ఆలోచనే రాదు. నాకూ రాలేదు.

ఒకసారి రెంటచింతల అవతలి ఊరి సర్పంచి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మెయిన్ రోడ్డు దిగి రెండు మైళ్ళు నడవాలి ఆ ఊరికి. వేసిన బోర్లు ఎండిపోయాయి. ఊరి చివర నాపరాళ్ళ పొరలు తొలిచి తవ్విన పాత బావి ఒకటుంది. అడుగున నీళ్ళున్నాయి గానీ పూడిక నిండిపోయింది. తీద్దామంటే దిగేవాడు లేడు.

"ముప్ఫై ఏళ్ళ కిందట ఇద్దరు అన్నదమ్ములు దిగి సచ్చారు సారూ. ముందు పెద్దోడు, ఆడి కోసం దిగిన చిన్నోడు. అప్పట్నించీ అందులో ఏందో ఉందంటారు. మీరొచ్చి ఆ సంగతి తేల్చారంటే మాకు నీళ్ళొస్తయ్" అన్నాడు.

చలికాలం పొద్దున వెళ్ళాం. ఆకాశం తుడిచినట్టుంది. ఊరంతా వచ్చింది గానీ బావికి ఇరవై గజాల దూరంలోనే ఆగిపోయింది. ఒక్క ముసలావిడ మాత్రం ఒడ్డున నాపరాయి మీద కూర్చుని ఉంది. మెడలో జపమాల, పక్కన చిన్న తాడు కట్టిన బొక్కెన, అందులో ప్రమిద. ఊరందరూ ఆమెను పెద్దమ్మ అంటారు. ముప్ఫై ఏళ్ళ కిందట పోయిన అన్నదమ్ముల్లో పెద్దవాడు ఆమె భర్త. ఎవరు బావి దగ్గరకు వచ్చినా ఆమె ముందుగా దీపం వెలిగించి, సిలువ గుర్తు వేసుకుని, బొక్కెన లోపలికి వదిలేదట. దీపం ఆరితే ఎవర్నీ దిగనిచ్చేది కాదు. ఆ ఆరిన దీపాలే ఊళ్ళో దెయ్యం కథకు ఆధారం.

"ఎప్పుడూ ఆరుద్దా పెద్దమ్మా?" అని అడిగాను.

"చానాసార్లు ఆరుద్ది. కొన్ని రోజులు ఆరదు."

ఆ దీపం నేనే వదిలాను. నీళ్ళ దాకా వెళ్ళింది. పావుగంట ఉంచాను. వెలుగుతూనే పైకొచ్చింది. జనం ఒక్క అడుగు ముందుకేశారు. అంతటితో ఆగితే బాగుండేది. నేను ధోవతి ఎగ్గట్టి, తాళ్ళ నిచ్చెన వేయించుకుని స్వయంగా దిగాను. అడుగున ముఖం కడుక్కుని, పైకి చూసి, "ఎవరున్నారో రండయ్యా!" అని అరిచాను. పైన నవ్వులు.

అయితే దిగుతున్నప్పుడు ఒకటి గమనించాను. నా చెవుల పక్కనుంచి చల్లటి గాలి కిందికి పోతోంది. గోడల పొరల సందుల్లోకి, నిదానంగా, ఆగకుండా. నా వీపు వెనక ఎవరో చాలా పెద్ద మనిషి నిలబడి దీర్ఘంగా ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. ఒళ్ళు జలదరించింది. బావిలో చలి మామూలే అనుకున్నాను. పైకొచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దెయ్యం లేదని చాటటానికి వెళ్ళినవాణ్ణి, ఒళ్ళు జలదరించిందని ఎట్లా చెప్పను?

సర్పంచి నా చేతులు పట్టుకున్నాడు. "ఎండాకాలంలో నీళ్ళు తగ్గాక నిశ్చింతగా దిగండి, ఇందులో ఏమీ లేదు, ఇక దీపం అవసరం లేదు" అని అందరూ వినేటట్టు చెప్పాను. ఇంజను పెట్టి నీళ్ళు తోడే పని తనదని భాయ్ మాటిచ్చాడు. బయల్దేరేటప్పుడు పెద్దమ్మ నన్ను పిలిచింది.

"ఇయ్యాల అది ఊపిరి లోపలికి తీసుకుంటంది నాయనా. వదిలే రోజున వచ్చి చూడు."

నేను నవ్వి, తలాడించి వచ్చేశాను.

ఆ మే నెలలో హైదరాబాదులో సైన్సు ఉపాధ్యాయుల సదస్సు జరిగింది. ప్రజల్లోకి సైన్సును తీసుకుపోయిన అనుభవాలు చెప్పమన్నారు. నేను బావి కథ రాసుకుని వెళ్ళాను. గుడ్డ సంచీ, రిబ్బను బ్యాడ్జీ, సైక్లోస్టైలు కాగితాలు, మనిషికి పది నిమిషాలు. పది దాటితే అధ్యక్షులవారు గ్లాసు మీద పెన్నుతో టింగుమనిపిస్తారు. అందరం గెలిచిన కథలే చదివాం. ఓడిన ఊరి పేరు ఏ కాగితంలోనూ కనపడలేదు. భాయ్ రాలేదు. సరిగ్గా మర్నాడే పూడిక తీయటానికి ఆ ఊళ్ళో ముహూర్తం పెట్టుకున్నారు. "మీరు అక్కడ చెప్పండి మాస్టారూ, నేను ఇక్కడ చేస్తా" అన్నాడు.

నా పత్రానికి మంచి స్పందన వచ్చింది. ముసలావిడ చివరి మాట నేను ఆమె గొంతుతో అనుకరించి చదివాను. హాలంతా గొల్లుమంది. అప్పుడు వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు. భూగర్భజలాల శాఖలో పనిచేసి రిటైరయ్యానని చెప్పుకున్నాడు. ఆయన నవ్వలేదు.

"మీరు దీపం ఎన్ని రోజులు వదిలి చూశారు?"

"ఒక రోజండీ."

"ఆ రోజు మబ్బుందా?"

"లేదండీ. చక్కటి ఎండ."

"ఆ ముసలమ్మ చెప్పిన మాట ఇంకోసారి చదువుతారా? గొంతు మార్చకుండా."

చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. చదువుతుంటేనే నా చెవుల పక్కనుంచి కిందికి పోయిన ఆ గాలి గుర్తొచ్చింది. 

ఆయన నన్ను వరండాలోకి తీసుకెళ్ళి నిదానంగా చెప్పాడు. ఆ ప్రాంతపు రాయి లోపలంతా గుల్ల. ఎండ కాసే రోజున బయటి గాలి బరువెక్కి రాతిలోకి పోతుంది. అప్పుడు బావి శుభ్రంగా ఉంటుంది. మబ్బు పట్టి గాలివాన రాబోతుంటే బయటి గాలి బరువు తగ్గుతుంది. అప్పుడు ఏళ్ళ తరబడి రాతిలో మగ్గిన గాలి బావిలోకి వస్తుంది. అందులో దీపం బతకదు, మనిషీ బతకడు. "దెయ్యం లేదని మీరు చెప్పింది నిజమే. కానీ ప్రమాదం లేదని కూడా చెప్పారు. అది మీకు తెలియదు" అన్నాడు.

"రేపు పొద్దున దిగుతున్నారండీ" అన్నాను. 

"అయితే ఇక్కడేం చేస్తున్నారు?" అన్నాడాయన.

టెలిగ్రాం ఇచ్చాను. అది ఆ ఊరికి నా తర్వాత రెండు రోజులకు చేరింది. సాగర్ మీదుగా మాచర్ల బస్సు పట్టుకున్నాను. మాచర్ల చేరేసరికి అటు వెళ్ళే బస్సులైపోయాయి. పొద్దున్నే మొదటి బస్సెక్కి, రోడ్డు మీద దిగి నడక మొదలుపెట్టాను.

ఆ నడక నేను మర్చిపోలేదు. ఎనిమిది కూడా కాలేదు, అప్పటికే ఒళ్ళంతా చెమట. రెంటచింతల వైపు ఎండలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. ఆ రోజు ఎండ లేదు, అదే భయం. పడమట ఆకాశం సీసం రంగులో ఉంది. ఆకు కదలటం లేదు. పిట్ట అరవటం లేదు. చేలల్లో మనిషి లేడు. ఊరు ఇంకా అర మైలు ఉందనగా ఒక శబ్దం వినపడింది. ఖాళీ సీసా మూతి మీద పెదవులు పెట్టి ఊదితే వచ్చే శబ్దం. కానీ చాలా లోతుగా, ఆగకుండా. గాలి ఎక్కడా లేదు. ఆ మోత మాత్రం నేల మీద పాకుతూ నా కాళ్ళ దాకా వస్తోంది.

పరిగెత్తాను.

బావి చుట్టూ జనం. ఈసారి ఒడ్డు దాకా వచ్చి నిలబడ్డారు. నా మాట మీద ధైర్యం తెచ్చుకున్న జనం. మోత వాళ్ళకూ వినపడుతోంది. అయినా ఎవరి ముఖంలోనూ బెదురు లేదు. సర్పంచి నన్ను చూసి సంబరపడ్డాడు.

"సారూ! మీరే వచ్చారే! ఇప్పుడే దిగాడు మీవోడు, పైపు యాడ పెట్టాలో చూస్తానని."

"దీపం వదిలారా?"

"ఎందుకు సార్? మీరే వద్దన్నారుగా."

నేను వద్దనలేదు. అవసరం లేదన్నాను. వాళ్ళకు ఆ రెండూ ఒకటే. నాకూ ఒకటే అయ్యుండాలి, లేకపోతే ఇంకోలా చెప్పేవాణ్ణి.

ఒడ్డు మీద పెద్దమ్మ ఒక మోకు మీద కూర్చుని ఉంది. మోకు రెండో కొస బావిలోకి పోయింది. దీపం వదలనివ్వకపోతే ఆమె బావికి అడ్డంగా కూర్చుందట. "నా మాట వినకపోతే వినకపో, మోకన్నా కట్టుకుని దిగు అబ్బాయా" అందట. భాయ్ నవ్వి, ముసలావిడ మనసు కష్టపెట్టటం ఎందుకని నడుముకు కట్టించుకున్నాడట.

వంగి చూశాను. మూడు నిలువుల లోతున గోడలోంచి పొడుచుకొచ్చిన నాపరాయి అరుగు ఒకటుంది. దాని మీద భాయ్ కూర్చుని ఉన్నాడు. పని చేస్తున్నట్టు లేడు. గోడకేసి తిరిగి, కాళ్ళు ముడుచుకుని, తల కొంచెం పక్కకు వంచి, ఎవరో చెప్తుంటే వింటున్నట్టు కూర్చున్నాడు.

"భాయ్!"

పలకలేదు. చూస్తుండగానే తలూపాడు, అవునన్నట్టు. పెదవులు కదిలాయి. ఆయన ఎదురుగా ఉన్నది తడి రాయి ఒక్కటే.

"భాయ్! పైకి రా!"

ఆయన చెయ్యెత్తాడు. నాకోసం కాదు. మాట్లాడుతుంటే అడ్డం రావద్దని పిల్లలకు చేసే సైగ అది.

"లాగండి!" అని అరిచాను. ఎనిమిది మంది మోకు పట్టారు. మోకు బిగుసుకుంది, మనిషి కదల్లేదు. మళ్ళీ వంగి చూశాను. ఆయన రెండు చేతులతో ఆ అరుగు అంచు పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని వదిలించుకోవటానికి పెనుగులాడుతున్నాడు. బావి మోత మోగుతూనే ఉంది. ఒక కుర్రాడు నిచ్చెన మీద కాలు పెట్టబోతే పెద్దమ్మ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి గుంజింది. "ఒకడి కోసం ఇంకొకడు దిగబాకండి! లాగండి, ఆడి చేతులే వదులుతయ్!"

వదిలాయి. మూడో ఊపుకు ఆయన వేళ్ళు జారాయి. పైకొచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ జనాన్ని తరిమి, గాలి తగలనిచ్చాం. చాలాసేపటికి దగ్గాడు. కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. నేను ఏడుస్తున్నాను. ఆయన ముఖంలో కోపం.

"ఎందుకు లాగారు మాస్టారూ?" అన్నాడు.

ఇన్నేళ్ళుగా నేను విన్న మాటల్లో నన్ను అంతగా భయపెట్టింది ఇంకొకటి లేదు.

తర్వాత నేను దీపం వదిలాను, అందరి ముందు. ఒక నిలువు లోతు వెళ్ళగానే ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను, మళ్ళీ అక్కడే ఆరింది. నాలుగుసార్లు. నాలుగోసారి మంట ఆరే ముందు ఎవరో వేళ్ళతో పట్టి నులిమినట్టు సన్నగా సాగి పోయింది. జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. సర్పంచి నా దగ్గరకు వచ్చాడు. "సారూ, మీరే లేదన్నారు. మరి ఇదేంది?"

అప్పుడు చెప్పాను. వేదిక లేదు, మైకు లేదు. తప్పు నాదని, ఒక రోజు చూసి అన్ని రోజుల సంగతి చెప్పానని, పెద్దమ్మ మాట వినకుండా నవ్వానని చెప్పాను. పెద్దమ్మ పక్కన రాయి చూపించింది, కూర్చోమని.

"అయితే ఎందుకు ఆరుద్దో తెలిసిందా నీకు?"

"తెలిసింది పెద్దమ్మా. ఇప్పుడే తెలిసింది."

"నాక్కూడా చెప్పు."

పెద్దాయన నాకు చెప్పినట్టే ఆమెకు చెప్పాను. రాయి గుల్ల, గాలి బరువు, మబ్బు. ఆమె మధ్యలో ఆపి రెండు ప్రశ్నలు అడిగింది. నా పదో తరగతి పిల్లలు అంత మంచి ప్రశ్నలు అడగలేదు. చాలాసేపు జపమాల పూసలు తిప్పుతూ కూర్చుంది.

"మా ఆయన దిగిన రోజు మబ్బు పట్టింది. సాయంత్రం వాన కొట్టింది. నాకు బాగా గెవనం, మర్చిపోలేదు" అంది. "చెప్పులేసుకుని దిగాడని, అందుకే అది పట్టుకుందని ఊరంతా అన్నారు. ఆ చెప్పులు నేనే కొనిచ్చా. అయితే చెప్పుల వల్ల కాదన్నమాట" అంది.

"కాదు పెద్దమ్మా."

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

మధ్యాహ్నం గాలివాన వచ్చింది. అది వెళ్ళి ఆకాశం తేటపడ్డాక మూడు రోజులు వరసగా దీపం వదిలి చూసి, మోకులు కట్టుకుని, ఇద్దరు పైన కాపలా ఉండగా పూడిక తీశారు. లోపలికి గాలి కొట్టటానికి భాయ్ ఒక చేతి ఫ్యాను తయారుచేసి పంపాడు. తను రాలేదు.

బావి సంగతి ఆయన నాతో ఒక్కసారే మాట్లాడాడు. ఆ వానాకాలంలో, ఆయన షాపులో, ఎవరూ లేనప్పుడు. "మా అమ్మ కూర్చునుంది మాస్టారూ అక్కడ. అన్నం తిన్నావా అని అడిగింది. నాకు అమ్మ ముఖం గెవనం లేదు. అక్కడే చూశా." నేను గాలి గురించి, మెదడుకు ప్రాణవాయువు అందకపోవటం గురించి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "గ్యాసని నాకూ తెలుసు మాస్టారూ. అయినా ఆమెను అక్కడ వదిలేసి వచ్చినట్టుంది." మళ్ళీ ఇంజను మీదికి వంగాడు. తర్వాత కూడా మేము ఊళ్ళు తిరిగాం, ఇంకా పదేళ్ళు. మబ్బు పట్టిన రోజున మాత్రం ఆయన షాపు మూసి ఇంట్లోనే ఉండేవాడు. ఎందుకని నేను అడగలేదు.

మరుసటి ఏడాది సదస్సుకు నేను పంపిన పత్రం పేరు "మేము చేసిన తప్పు". కార్యదర్శిగారు దాన్ని కాస్త ఆశాజనకంగా మార్చమని ఉత్తరం రాశారు. మార్చలేదు. ఎట్లాగో మధ్యాహ్నం భోజనాల తర్వాత, సగం హాలు కునికే సమయంలో నాకు చోటిచ్చారు. దీపం ఆరిందీ, మనిషి కూర్చున్నదీ, నేను నవ్విందీ అన్నీ చదివాను. గ్లాసు మోగలేదు. చప్పట్లు కూడా లేవు. ఎవరూ ప్రశ్న అడగలేదు. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని తర్వాతి పేరు పిలిచారు.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. నా వయసే. బ్యాడ్జీ జేబులో పెట్టుకున్నాడు. ఏ జిల్లా అని అడిగితే వినపడనట్టు ఊరుకున్నాడు. 

"మా దగ్గర బావి కాదు, నేలలో తవ్విన ధాన్యం పాతర" అన్నాడు. "అందులో ఏదో ఉందని ఊళ్ళో భయం. నేనే వెళ్ళి ఏమీ లేదని చెప్పాను. నేనే దిగమన్నాను. మా దగ్గర మోకు పట్టుకుని కూర్చునేవాళ్ళు ఎవరూ లేరండీ. ఇద్దరు పోయారు."

నేను ఆయన వైపు జరిగి కూర్చున్నాను.

"నాలుగేళ్ళయింది. ఆ ఊళ్ళో నేను చేసిన కార్యక్రమం గురించి మూడు సదస్సుల్లో పత్రం చదివాను. ఆ రోజుకు ముందు వరకూ జరిగింది చదివాను."

లోపల ఎవరో పత్రం ముగించినట్టున్నారు, చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా ఆయన ఆగాడు.

"మీ పత్రం అచ్చేస్తారు కదా. అందులో మాదీ రాయండి. ఊరు రాయొద్దు. పేర్లు రాయొద్దు. కానీ ఇద్దరు అని మాత్రం రాయండి."

అచ్చయిన సంచికలో నా పత్రం రాలేదు. చోటు చాలలేదని రాశారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇద్దరు.